బర్నర్ లాకౌట్ అయిందా? రీసెట్ నొక్కేముందు ఏ భాగాన్ని ఎలా చూడాలి

"సార్, బర్నర్ లాకౌట్ అవుతోంది. ఏ పార్టు పోయి ఉంటుంది?"

వారానికి నాలుగైదుసార్లు నాకు వచ్చే ఫోన్ ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే ప్రశ్న: "స్టార్ట్ అయ్యాక ఎన్ని సెకన్లకు ఆగింది?" అవతల కాసేపు మాట ఉండదు. ఎర్ర లైటు వెలిగింది, రీసెట్ నొక్కాం, మళ్లీ ఎర్ర లైటు, మళ్లీ రీసెట్. అంతవరకే వాళ్లు చూసింది. లాకౌట్ అంటే, ఏదో తేడా వచ్చిందని కంట్రోలర్ బర్నర్‌ను ఆపేసి, రీసెట్ నొక్కేదాకా మళ్లీ స్టార్ట్ కానివ్వకపోవడం.

బర్నర్‌లో భాగాలన్నీ ఒక్కసారే పని మొదలుపెట్టవు. ముందు మోటారు, తర్వాత స్పార్కు, ఆ తర్వాత ఆయిల్, చివరికి మంటను చూసే ఫోటోసెల్. ఇలా ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. ఎక్కడ ఆగిందో గమనిస్తే ఏ భాగం దగ్గర తేడా ఉందో సగం తెలిసిపోయినట్టే. అందుకే ఇక్కడ భాగాలను కేటలాగు వరుసలో కాకుండా, అవి పనిచేసే వరుసలో చెబుతున్నాను.

ఇది ఏ బర్నర్ గురించంటే: గంటకు ఒక టన్ను ఆవిరి ఇచ్చే ప్యాకేజ్ బాయిలర్‌కు ఉండే డీజిల్ బర్నర్. మోటారు, ఫ్యాన్, పంపు అన్నీ ఒకే బాడీలో ఉండే మోనోబ్లాక్ రకం. డెయిరీల్లో, హోటల్ లాండ్రీల్లో, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు చిన్న మందుల ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఊకతో నడిచే రైస్ మిల్లు బాయిలర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, దాని లెక్కే వేరు. ఫర్నేస్ ఆయిల్, గ్యాస్ బర్నర్ల గురించి చివర్లో రెండు ముక్కలు ఉన్నాయి.

ముందు రీసెట్ సంగతి

దీన్ని చదివి వదిలేయకండి. ఒక టన్ను బాయిలర్ గంటకు సుమారు 62 కిలోల డీజిల్ తాగుతుంది. ఆయిల్‌ను తుంపరగా చల్లే నాజిళ్లు రెండు ఉంటే మొదటిది దాదాపు 31 కిలోలు. మంట రాకపోతే కంట్రోలర్ ఆయిల్‌ను ఆపడానికి ఈ సైజు బర్నర్లలో 5 సెకన్లు పడుతుంది. ఆ 5 సెకన్లలో ఫర్నేస్‌లోకి వెళ్లే డీజిల్ దాదాపు 50 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసులో సగం. ఏడుసార్లు రీసెట్ నొక్కితే మూడున్నర టీ గ్లాసుల డీజిల్ వేడి ఫర్నేస్‌లో ఆవిరవుతూ కూర్చుంటుంది. ఎనిమిదోసారి స్పార్కు పడితే?

నేను కళ్లారా చూశాను. ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ ఆపరేటర్ సరిగ్గా ఇదే చేశాడు. వెనక వైపు స్మోక్ బాక్స్ (పొగ చేరే గది) తలుపు బోల్టులతో సహా వంగిపోయింది. అతను ముందువైపు, కాస్త పక్కకు నిలబడ్డాడు కాబట్టి కనుబొమలు కాలడంతో సరిపోయింది.

లాకౌట్ అయితే ఒక్కసారి రీసెట్ చేయండి, అదీ ఒక నిమిషం ఆగి. రెండోసారీ లాకౌట్ అయితే చెయ్యి తీసేయండి. ఫర్నేస్‌లో ఆయిల్ చేరిందన్న అనుమానం ఉంటే అది తుడిచి, గాలితో బాగా పర్జ్ అయ్యాకే (అంటే ఫ్యాన్ లోపలున్నదంతా బయటికి ఊదేశాకే) మళ్లీ మంట.

కావలసినవి

ఆలెన్ కీ సెట్, రెండు స్పానర్లు (నాజిల్ కోసం ఒకటి, హోల్డర్ పట్టుకోవడానికి ఒకటి), స్టీలు స్కేలు, మల్టీమీటర్, 0 నుంచి 25 బార్ ప్రెషర్ గేజ్, సక్షన్ (పంపు ఆయిల్ పీల్చే వైపు) కోసం వ్యాక్యూమ్ గేజ్, మెత్తటి నైలాన్ బ్రష్, శుభ్రమైన డీజిల్ లేదా కిరోసిన్ ఒక డబ్బాలో, నూలు పోగులు రాలని గుడ్డ. కాటన్ వేస్టు వద్దు. దాని పోగొకటి నాజిల్ ఫిల్టర్‌లోకి పోతే సర్వీసు చేసి కొత్త రోగం తెచ్చుకున్నట్టే. కళ్లద్దాలు, గ్లవ్స్ ఎలాగూ ఉండాలి.

పాత నాజిల్ నంబరుదే కొత్త నాజిల్ ఒకటి, ఎలక్ట్రోడ్ల జత ఒకటి, పంపు కప్లింగ్ ఒకటి, ఫోటోసెల్ ఒకటి స్పేర్‌గా ఉంచుకోండి. ఈ నాలుగూ డ్రాయర్‌లో ఉంటే సగం ఫోన్‌కాల్స్ నాకు రావు.

అన్నిటికన్నా ముఖ్యంగా బర్నర్‌తో వచ్చిన మాన్యువల్. నేనిక్కడ ఇచ్చే కొలతలు మామూలుగా ఉండేవి. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్.

ఇంకొక మాట. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. అయినా సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంట్ లేకుండా ఈ పనుల జోలికి వెళ్లకండి. సేఫ్టీ వాల్వును ముట్టుకోవద్దు. సీక్వెన్స్ కంట్రోలర్ డబ్బా విప్పి లోపల వైర్లు కలపొద్దు.

ముందు విని, తర్వాత విప్పండి

స్పానర్ పట్టుకునే ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి ఒక్క స్టార్ట్ గమనించండి. బర్నర్‌కు ఎదురుగా కాదు, పక్కన నిలబడి.

మోటారే తిరగకపోతే తప్పు చాలావరకు బర్నర్‌ది కాదు. నీటి మట్టం చూసే మోబ్రే, ప్రెషర్ స్విచ్, మోటారు ఓవర్‌లోడ్ రిలే, ఈ మూడింటిలో ఒకటి ఒప్పుకోవడం లేదన్నమాట. వాటిని బైపాస్ చేసి బర్నర్ నడిపితే బాయిలర్ ప్రాణం మీదికి వస్తుంది, మీ ప్రాణం మీదికి కూడా.

మోటారు తిరిగి, పర్జ్ నడుస్తుండగానే ఆగితే, మంట లేకుండానే ఫోటోసెల్‌కు వెలుతురు కనబడుతోందని అర్థం. పర్జ్ మోడల్‌ను బట్టి 13 సెకన్ల నుంచి అర నిమిషం పైదాకా ఉంటుంది.

పర్జ్ అయింది, సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే ఆయిల్ వాల్వు) 'టక్' మంది, కానీ మంట రాలేదు. ఇక్కడ రెండు దారులు. చిమ్నీ నుంచి తెల్లటి ఆవిరిలాంటి పొగ వచ్చిందంటే ఆయిల్ వస్తోంది, స్పార్కు లేదు. ఏ పొగా లేదంటే ఆయిలే రావడం లేదు.

మంట వచ్చింది, చక్కగా ఉంది, ఐదు సెకన్లకు ఠక్కున పోయింది: ఫోటోసెల్‌ను చూడండి. పది నిమిషాలు నడిచి ఆగితే ఆయిల్ లైను.

ఈ పరిశీలన ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

స్టెప్ 1: ఆపి, చల్లార్చి, కరెంటు తీసేయండి

ప్యానెల్‌లో మెయిన్ ఐసోలేటర్ ఆఫ్ చేసి తాళం వేయండి. తాళం లేకపోతే ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోండి. "పని జరుగుతోంది" అని అట్టముక్క కట్టడం మంచిదే గానీ, అట్టముక్కను చదవకుండా స్విచ్ వేసేవాళ్లు ప్రతి ఫ్యాక్టరీలో ఒకరుంటారు. ఆయిల్ వాల్వు మూసేయండి. ఫర్నేస్ చల్లారేదాకా ఆగండి.

స్టెప్ 2: విప్పేముందు నాలుగు ఫొటోలు

డ్యాంపర్ (గాలిని పెంచి తగ్గించే రేకు) స్కేలు మీద ముల్లు ఎక్కడుందో, ఎలక్ట్రోడ్ల కొనలు ఎలా ఉన్నాయో, నాజిల్ రాడ్ ఎంత లోపలికి ఉందో, ఇగ్నిషన్ కేబుళ్లు ఎటు వెళ్లాయో ఫొటో తీయండి. సెట్టింగ్ స్క్రూల దగ్గర పెయింట్ మార్కర్‌తో గీత పెట్టండి. "గుర్తుంటుందిలే" అనుకున్న ప్రతిసారీ నాకు గుర్తులేదు.

ఇప్పుడు బర్నర్ తెరిచి చూస్తే లోపల నుంచి మీకు కనబడేవి: మధ్యలో నాజిల్ రాడ్, దాని చివర నాజిల్, దాని చుట్టూ చీలికలున్న గుండ్రటి రేకు అంటే డిఫ్యూజర్ ప్లేటు, పింగాణీ తొడుగుల్లో రెండు ఎలక్ట్రోడ్లు. వీటన్నిటినీ చుట్టి ఉన్న గొట్టం బ్లాస్ట్ ట్యూబ్. వెనక ఫ్యాన్, మోటారు, ఆ మోటారు ఇరుసుకే కప్లింగ్‌తో తగిలించిన ఆయిల్ పంపు. పైన ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్, కంట్రోలర్. ఓ పక్కన చిన్న గొట్టంలో ఫోటోసెల్. గాలి వచ్చే దగ్గర డ్యాంపర్, దాన్ని తిప్పే సర్వోమోటారు.

స్టెప్ 3: గాలి వైపు

డ్యాంపర్ చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఫ్యాన్ రెక్కల్లో జిడ్డు, దుమ్ము గట్టిపడి ఉంటే బ్రష్‌తో గీకండి. లాండ్రీల్లో బట్టల నూగు, ఫార్మా యూనిట్లలో తెల్ల పొడి, ఎక్కడి ధూళి అక్కడ. రెక్క వంపు కనిపించనంతగా జిడ్డు పట్టిందంటే గాలి తగ్గి మంట నల్లబడుతుంది. అప్పుడు చాలామంది డ్యాంపర్ ఇంకాస్త తెరుస్తారు. ఎవరైనా ఫ్యాన్ కడిగిన రోజున గాలి ఎక్కువైపోయి మంట ఆరిపోతుంది. ఫ్యాన్ కడిగాకే డ్యాంపర్ సెట్టింగ్, అంతకుముందు కాదు.

స్టెప్ 4: నాజిల్

బర్నర్ మొత్తంలో అతి చిన్నదీ, అతి ఎక్కువ అపార్థానికి గురయ్యేదీ ఇదే.

నాజిల్ పక్క మీద మూడు సంగతులు చెక్కి ఉంటాయి. మొదటిది సైజు, ఉదాహరణకు 7.50. అది అమెరికన్ గ్యాలన్లలో, సుమారు 7 బార్ ప్రెషర్ దగ్గర గంటకు వచ్చే ఆయిల్. రెండోది స్ప్రే కోణం: 45, 60 లేదా 80 డిగ్రీలు. మూడోది స్ప్రే రకాన్ని చెప్పే అక్షరం. బోలుగా ఉండే కోన్‌కు ఒకటి, నిండుగా ఉండే కోన్‌కు ఒకటి. ఈ అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి.

షాపులో "7.50 నాజిల్ ఇవ్వండి" అని తెస్తారు. కోణం చూడరు. పొడవైన సన్నటి ఫర్నేస్‌లో 45 తీసి 80 పెడితే మంట వెడల్పై ఫర్నేస్ గోడను నాకుతుంది. అక్కడ బొగ్గులా గట్టి కార్బన్ పేరుకుంటుంది. మూడు సంగతులూ కలిస్తేనే అది "అదే నాజిల్".

ఆయిల్ లెక్క మీరే వేసుకోవచ్చు. ప్రెషర్ రెట్టింపైతే ఆయిల్ రెట్టింపు కాదు, దాని వర్గమూలం మేరకే పెరుగుతుంది. 7.50 నాజిల్ 7 బార్ దగ్గర గంటకు 28 లీటర్లు ఇస్తే, 12 బార్ దగ్గర 37 లీటర్లు, అంటే దాదాపు 31 కిలోల డీజిల్. రెండు నాజిళ్లకు 62 కిలోలు. ముందు చెప్పిన అంకె ఇక్కడి నుంచే వచ్చింది.

తీసేటప్పుడు హోల్డర్‌ను ఒక స్పానర్‌తో పట్టుకుని, రెండోదానితో నాజిల్ తిప్పండి. ఒకే స్పానర్‌తో లాగితే రాడ్ మెలిపడి నాజిల్ మధ్యలో ఉండదు. బయటికి వచ్చాక వెనకున్న చిన్న ఫిల్టర్ చూడండి. నల్లటి జిగురు ఉంటే ట్యాంకు అడుగున మడ్డి ఉందని, ఎర్రటి తుప్పు ఉంటే నీళ్లు కలుస్తున్నాయని అర్థం.

నాజిల్ రంధ్రంలో పిన్నీసు, తీగ, సూది పెట్టొద్దు. ఆ మాట అంటే అందరూ తలూపుతారు, మర్నాడు వెళ్తే నాజిల్ పక్కన పిన్నీసు ఉంటుంది. ఆ రంధ్రం చుట్టూ కంటికి కనబడని ఒక్క గీత పడినా స్ప్రే ఒక పక్కకు కొడుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో బయట తుడిచి, గాలి ఊదడం వరకు సరే. నిజానికి నేను నాజిల్ కడగను. ఏడాదికోసారి, మంట ఆకారం చెడితే అంతకన్నా ముందే, మార్చేస్తాను. దాని ధర ఒక గంట వృథాగా కాలే డీజిల్ ధర కన్నా తక్కువే.

కొత్తది బిగించేటప్పుడు కొనను వేళ్లతో పట్టుకోవద్దు. చేతి జిడ్డు చాలు.

స్టెప్ 5: ఎలక్ట్రోడ్లు, ట్రాన్స్‌ఫార్మర్

ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను పది వేల వోల్టుల వరకు పెంచుతుంది. ఆ కరెంటు రెండు ఎలక్ట్రోడ్ కొనల మధ్య దూకినప్పుడు వచ్చేదే స్పార్కు.

కొనల మధ్య ఖాళీ మామూలుగా 3 నుంచి 4 మిల్లీమీటర్లు. నాజిల్ ముఖానికి కొనలు కొద్దిగా ముందుకు, మధ్య గీతకు కొద్దిగా పైకి ఉండాలి. ఎంత అనేది మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. స్కేలు పెట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. కొనలు స్ప్రేలోకి వెళ్తే ఆయిల్ తగిలి కార్బన్ కడుతుంది. నాజిల్‌కు గానీ ప్లేటుకు గానీ దగ్గరైతే స్పార్కు కొనల మధ్య కాకుండా ఆ ఇనుములోకి దూకుతుంది. అప్పుడు చిటపట చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, మంట మాత్రం రాదు. చప్పుడు విన్నాం కదా, స్పార్కు ఉంది అనుకుని పంపు విప్పడం మొదలుపెడతారు. ఒక పూట పోతుంది.

పింగాణీ తొడుగును శుభ్రంగా తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుక మందం పగులు ఉన్నా మార్చాల్సిందే. ఆ పగులులో మసి చేరితే కరెంటుకు అదే దగ్గర దారి. వానాకాలంలో ఉదయం పూట మాత్రమే లాకౌట్ అయి, రెండోసారి బాగా నడిచే బర్నర్లు చూశాను. పగులులో తేమ చేరడమే కారణం.

కేబుల్ చివర్లు వదులుగా ఉంటే మాడి నల్లబడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ బాగుందా లేదా చూడటానికి స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్లు కలిపి స్పార్కు తీసి చూపించే మొనగాళ్లున్నారు. మీరు చేయకండి. పది వేల వోల్టులు స్క్రూడ్రైవర్ పిడిని లెక్కచేయవు. ఎలక్ట్రోడ్లు, కేబుళ్లు బాగుండి, ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు వస్తున్నా స్పార్కు లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ మార్చండి, అంతే.

స్టెప్ 6: డిఫ్యూజర్ ప్లేటు

చీలికల్లో మసి గీకేయండి. ప్లేటు వంగినా, అంచులు కాలి తగ్గినా మార్చాలి. గాలికి సుడి పెట్టి మంటను నాజిల్ దగ్గర నిలిపేది ఇదే. నాజిల్ సరిగ్గా దాని మధ్యలో ఉందో లేదో చూసుకోండి.

స్టెప్ 7: ఫోటోసెల్

గొట్టంలోంచి బయటికి లాగి గాజు మీద మసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఇన్ని సర్వీసు కాల్స్‌లో ఈ ఒక్క తుడుపుతో పోయినవి ఎన్నో లెక్కలేదు. డీజిల్ బర్నర్లలో ఎక్కువగా ఉండేది వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే రకం. వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. గుప్పిట్లో మూసి చీకటి చేస్తే మెగా ఓముల్లోకి వెళ్లాలి. టార్చి వేస్తే కొన్ని వేల ఓములకో, అంతకన్నా కిందికో పడిపోవాలి. రెండింటికీ ఒకే అంకె వస్తే పారేయండి. మీది అల్ట్రావయొలెట్ రకం అయితే ఈ టార్చి పరీక్ష పనిచేయదు, దానికి మాన్యువల్ చూడాలి.

తిరిగి పెట్టేటప్పుడు సెల్ ముఖం మంట వైపే చూడాలి. కొన్నిటికి గాడి ఉంటుంది, కొన్నిటికి ఉండదు, ఎటైనా దూరిపోతుంది.

స్టెప్ 8: ఆయిల్ వైపు

ముందు లైన్ ఫిల్టర్ తీసి కడగండి. హోస్ పైపులు మెలికపడ్డాయా, పగిలాయా చూడండి. ట్యాంకు నుంచి పంపుదాకా ప్రతి జాయింటూ తడిమి చూడాలి. అయితే ఒక తిరకాసు ఉంది. ట్యాంకు పంపుకన్నా కిందుంటే జాయింటు లీకైనా ఆయిల్ బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది. అన్నీ పొడిగా, అందంగా కనబడతాయి, బర్నర్ మాత్రం పది నిమిషాలకోసారి ఆగుతుంది. ఇలాంటప్పుడు పంపు నుంచి ఆయిల్‌ను కాసేపు పారదర్శకమైన గొట్టంలోంచి పోనిచ్చి చూడండి, బుడగలు కనబడతాయి.

సక్షన్‌లో వ్యాక్యూమ్ గేజ్ పెడితే 0.4 బార్ దాటకూడదు. దాటితే ఫిల్టరో, పైపో మూసుకుపోతోంది. వ్యాక్యూమ్ మరీ ఎక్కువైతే డీజిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటపడి పంపు కీచుమంటుంది.

పంపు మార్చేవాళ్లకు: కొత్త పంపు లోపల చిన్న బైపాస్ ప్లగ్ ఉంటుంది. ట్యాంకుకు రిటర్న్ లైను ఉన్న రెండు పైపుల పద్ధతికి అది ఉండాలి. ఒకే పైపు అయితే తీసేయాలి. తీయకుండా ఒకే పైపుతో, రిటర్న్ మూసి నడిపితే నిమిషాల్లో ఇరుసు సీలు పగిలి డీజిల్ ఫ్యాన్‌లోకి కారుతుంది. కొత్త పంపు "డిఫెక్ట్ పీస్" అని తిరిగి పంపేవాటిలో ఇలాంటివి నేను చాలానే చూశాను.

సోలనాయిడ్ వాల్వుకు పరీక్ష తేలిక. కరెంటు వచ్చే సమయంలో కాయిల్ నట్టు దగ్గర స్క్రూడ్రైవర్ కొన పెడితే లాగాలి. లాగినా ఆయిల్ రాకపోతే లోపల ఇరుక్కుంది. మూసుకుంటోందా లేదా అన్నది మాత్రం నడిచేటప్పుడే తెలుస్తుంది, స్టెప్ 11 చూడండి.

స్టెప్ 9: కప్లింగ్, మోటారు తిరిగే దిక్కు

మోటారుకూ పంపుకూ మధ్య ప్లాస్టిక్ కప్లింగ్ ఉంటుంది. పంపు జామ్ అయితే మోటారు కాలకుండా ముందు విరిగేది ఇదే. మోటారు హాయిగా తిరుగుతోంది, గాలి వస్తోంది, ప్రెషర్ గేజ్ సున్నా: మొదట కప్లింగ్ చూడండి. విరిగిందని కొత్తది వేసి ఊరుకోకండి. పంపు ఇరుసును చేత్తో తిప్పండి. గట్టిగా ఉంటే నీళ్లు తాగి తుప్పు పట్టింది, కొత్త కప్లింగ్ కూడా వారంలో విరుగుతుంది.

ఇంకోటి. "కరెంటు మీద బాగానే నడుస్తుంది సార్, జనరేటర్ మీదే లాకౌట్" అని ఒకాయన మూడు నెలలు తిరిగాడు. జనరేటర్ నుంచి వచ్చే మూడు ఫేజుల్లో రెండు తారుమారై ఉన్నాయి, మోటారు వెనక్కి తిరుగుతోంది. ఈ రకం ఫ్యాన్ వెనక్కి తిరిగినా ఎంతో కొంత గాలిని ముందుకే పంపుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పంపు మాత్రం వెనక్కి తిరిగితే ఆయిల్ ఇవ్వదు. బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది, రెండు సప్లైల మీదా చూసుకోండి.

స్టెప్ 10: తిరిగి బిగించి నడపడం

ఫొటోలు చూసుకుంటూ బిగించండి. ఆయిల్ వాల్వు తెరిచి, పంపు గేజ్ పోర్టులో గేజ్ పెట్టి, గాలి బయటికి వెళ్లేలా బ్లీడ్ స్క్రూ వదులు చేసి స్టార్ట్ చేయండి. బుడగలు పోయి నిండు ఆయిల్ వచ్చాక బిగించండి. పంపును ఆయిల్ లేకుండా ఎక్కువసేపు తిప్పకండి, దానికి కందెన ఆ డీజిలే.

మంట వచ్చాక ప్రెషర్ చూడండి. డీజిల్‌కు సాధారణంగా 10 నుంచి 14 బార్ మధ్య. ఆవిరి చాలడం లేదని ప్రెషర్ స్క్రూ బిగించేవాళ్లున్నారు. ఆయిల్ పెరుగుతుంది, గాలి పెరగదు, చిమ్నీ నల్లబడుతుంది. ఆ మసి బాయిలర్ పొగ ట్యూబుల్లో పేరుకుని ఆవిరి ఇంకా తగ్గుతుంది.

స్టెప్ 11: బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

కళ్లతో: అద్దంలోంచి చూస్తే మంట ప్రకాశవంతమైన పసుపు రంగులో, ఫర్నేస్ మధ్యలో, గోడలకు తగలకుండా ఉండాలి. ఎర్రగా, కొనల్లో నల్లటి పొగతో ఉంటే గాలి తక్కువ. మరీ తెల్లగా, చిన్నగా, బుసకొడుతూ ఉంటే గాలి ఎక్కువ. ఒక పక్కకే పోతే నాజిల్‌నో ప్లేటునో అనుమానించండి. చిమ్నీ పొగ దాదాపు కనబడకూడదు.

గేజ్‌తో: చిమ్నీ పొగలో ఆక్సిజన్ కొలిచే ఫ్లూ గ్యాస్ ఎనలైజర్ అద్దెకైనా తెప్పించండి. ఆక్సిజన్ 3 నుంచి 5 శాతం మధ్య ఉంటే బాగున్నట్టు. 4 శాతం అంటే అవసరమైనదానికన్నా గాలి పావు వంతు దాకా ఎక్కువ వెళ్తోందని, అది ఉండాల్సిందే. 8, 9 చూపిస్తే వేడిని చిమ్నీలోంచి ఊదేస్తున్నారు. చిన్న మంట (ఒక నాజిల్), పెద్ద మంట (రెండు నాజిళ్లు) రెండింటిలోనూ చూడాలి. పెద్ద మంటలో సెట్ చేసి వెళ్లిపోతే, చిన్న మంటకు దిగినప్పుడు పొగ. పొగ ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ప్రతి 22 డిగ్రీలు తగ్గితే ఇంధనంలో దాదాపు ఒక శాతం మిగులుతుంది. నెలనెలా పెరుగుతుంటే ట్యూబుల్లో మసి, లేదా నీటివైపు పేరుకున్న సున్నపు పొర.

ఆపేటప్పుడు: స్టాప్ నొక్కగానే మంట ఠక్కున ఆరిపోవాలి. ఒకటి రెండు సెకన్లు ఎర్రగా ఊగిసలాడుతూ ఆరితే సోలనాయిడ్ పూర్తిగా మూసుకోవడం లేదు. కారిన ఆయిల్ తర్వాతి స్టార్ట్‌లో ఢమాల్ అంటుంది. అది మార్చేదాకా ఆ బర్నర్ నడపొద్దు.

సేఫ్టీ పరీక్షలు రెండు. ఒకటి, మంట నడుస్తుండగా ఫోటోసెల్ బయటికి లాగి గుప్పిట్లో మూయండి. దాదాపు సెకనులో ఆయిల్ ఆగిపోవాలి. కొన్ని కంట్రోలర్లు నేరుగా లాకౌట్ అవుతాయి, కొన్ని ఒకసారి మళ్లీ ప్రయత్నించి అప్పుడవుతాయి. మంట అలాగే కొనసాగితే వెంటనే ఆపి, సర్వీసు ఇంజనీరును పిలవాల్సిందే. రెండు, అటెండెంట్ దగ్గరుండి మోబ్రే బ్లోడౌన్ చేస్తే (అందులోని నీళ్లు బయటికి వదిలితే) నీళ్లు తగ్గినట్టు గ్రహించి బర్నర్ తనంతట తాను ఆగాలి.

ఫర్నేస్ ఆయిల్, గ్యాస్ ఉన్నవాళ్లకు

ఫర్నేస్ ఆయిల్ చల్లగా ఉంటే స్ప్రే కాదు. అందుకే నాజిల్‌కు ముందు హీటర్ ఉంటుంది, ఆయిల్‌ను వంద డిగ్రీల పైచిలుకు వేడి చేస్తుంది. ఈ బర్నర్లో లాకౌట్ అయితే మొదటి చూపు ఆ థర్మామీటర్ మీదే పడాలి. ఆపేటప్పుడు లైనులో ఆయిల్ గడ్డకట్టకుండా చూసుకోవాలి.

గ్యాస్ బర్నర్‌లో నాజిల్ శుభ్రాలు లేవు గానీ, గ్యాస్ ట్రెయిన్‌లో (గ్యాస్ వచ్చే పైపు, వాల్వుల వరుసలో) గ్యాస్ ఆపే సేఫ్టీ వాల్వులు వరుసగా రెండు, లీకు పరీక్షించే పరికరం, కనీస గ్యాస్ ప్రెషర్ చూసే స్విచ్ ఉంటాయి. వాటిని మీరు విప్పకండి. సబ్బు నీళ్లతో జాయింట్లలో లీకు చూడటం, ఫ్యాన్, ఎలక్ట్రోడ్లు శుభ్రం చేయడం వరకే.

లాగ్ పుస్తకంలో సర్వీసు తేదీ పక్కన నాజిల్ నంబరు మొత్తం రాయండి, సైజు, కోణం, అక్షరంతో సహా. పంపు ప్రెషర్, ఆక్సిజన్ శాతం, పొగ ఉష్ణోగ్రత, డ్యాంపర్ ముల్లు ఎక్కడుందో కూడా. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ పేజీ తెరిచి పెట్టుకుని, ఎన్ని సెకన్లకు ఆగిందో కూడా చెబితే మనిద్దరికీ పని ఐదు నిమిషాల్లో తెములుతుంది.